పిలిస్తే పలకొద్దు

కోటబొమ్మాళి స్టేషనులో దిగి, రైలు కట్ట పక్కనే పొలాల మధ్య నుంచి నడుచుకుంటూ వస్తే పాలగెడ్డపేటలో ముందుగా కనిపించేది హేమ ఇల్లు. రెండు గదుల డాబా. ముందు చిన్న వరండా, వెనక పెరడు. పెరడు దాటితే వరి మడులు, వాటికి అవతల గెడ్డ అని పిలిచే చిన్న వాగు. వరండాలో మిషను వేసుకుని హేమ జాకెట్లు కుడుతుంది. భర్త వినోద్‌కి కోటబొమ్మాళిలో సెల్‌ఫోన్ల షాపుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, తులసి. ఇంకా బడి వయసు రాలేదు, అంగన్‌వాడీకి వెళ్తుంది.

ఊరికి మొదటి ఇల్లు కాబట్టి వచ్చే పోయే వాళ్ళందరూ ఆ వరండాలో కాసేపు ఆగుతారు. వాళ్ళలో మరిడమ్మ ఒకతె. సముద్రం ఒడ్డున ఉన్న పేట నుంచి ఎండు చేపలు తెచ్చి అమ్ముతుంది. మనిషి కనిపించడం కంటే ముందు ఆమె గంప వాసన వచ్చేది. వరండాలో గంప దించి, చెంబుడు నీళ్ళు గటగటా తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుని, అప్పుడు ఊళ్ళోకి వెళ్ళేది. తులసి పుట్టినప్పుడు బాలింతకి పెట్టమని నెత్తళ్ళు, ఆ సన్న చేపల్లో మంచివి విడిగా ఏరి తెచ్చింది.

ఆమెకో అలవాటుంది. ఏ ఇంటి ముందు నిలబడినా పెద్దవాళ్ళని పిలవదు. పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తుంది.

"ఒలే శైలజా! మీ మామ్మని రమ్మను. నెత్తళ్ళు తెచ్చినానని సెప్పు."

పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పిల్లల వెనక పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, వాళ్ళకి ఏం పేరు పెట్టారో అంగన్‌వాడీ టీచరు కంటే మరిడమ్మకే బాగా తెలుసు.

ఆ ఏడు కార్తీకంలో వానలు వెనకబట్టి, దోమలు ముసిరి, ఇంటింటా జ్వరాలు మొదలయ్యాయి. గణపతిరావు మనవరాలు శైలజకి కూడా వచ్చింది. గణపతిరావంటే ఊళ్ళో పెద్ద రైతు. మాటకి విలువున్న మనిషి. పిల్లని శ్రీకాకుళం తీసుకెళ్ళారు. అప్పటికే జ్వరం ముదిరిపోయిందన్నారు. పిల్ల తిరిగి రాలేదు.

ఆ ఇంటి ఏడుపు ఇంకా ఆగకముందే ఊరి గ్రూపులోకి ఆ వాయిస్ మెసేజ్ వచ్చింది.

గ్రూపు పెట్టింది వినోదే. ఎరువులు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరింట్లో పెళ్ళి... అన్నీ అందులోనే. ఆ వాయిస్ కూడా అతనే వేరే గ్రూపులోంచి తెచ్చి పెట్టాడు. ఆడగొంతు. పక్కన ఎవరో నిద్రపోతుంటే లేవకూడదన్నట్టు గుసగుసగా ఉంది. ఆ గొంతు వెనక ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు.

"అమ్మలారా, జాగర్త. సందేళ ఎండు సేపలమ్మే మనిషిలాగ ఒకతి తిరుగుతన్నాది. అది మనిషి కాదు. గుమ్మం ముందు నిలబడి పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తాది. పిలిస్తే పలకొద్దు. పలికిన పిల్లగుంటలు బతకరు. బొబ్బిలి కాడ ఇప్పటికే పిల్లలు పోనారు. మీకు తెలిసినోళ్ళందరికీ ఇది పంపండి..."

హేమ మిషను ఆపి మళ్ళీ విన్నది. విన్నంతసేపూ చేతుల మీద వెంట్రుకలు లేచే ఉన్నాయి. విన్నాక తనమీద తనకే కోపం వచ్చింది.

సాయంత్రానికి గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. గంప ఎత్తుకుని వెళ్తున్న ఆడమనిషి, వెనక నుంచి తీసింది. మర్నాడు ఇంకెవరో ముఖం కనపడే ఫోటో పెట్టారు. అది మరిడమ్మ ముఖం. ఎప్పుడో నవ్వుతుంటే తీసింది. ఆ నవ్వు కింద ఎర్రక్షరాలతో రాశారు. 'ఇదే అది.'

శైలజ చనిపోవడానికి ముందు మరిడమ్మ ఆ గుమ్మం ముందు నిలబడి పిలిచిందని ఒకరన్నారు. పిల్ల 'ఆ' అని పలకడం తాము విన్నామని ఇద్దరన్నారు.

బొబ్బిలిలో హేమకి పిన్ని ఉంది. ఫోన్ చేసి అడిగింది.

"మా దిక్కున ఏటీ అవ్వలేదే," అంది పిన్ని. "మీ కోటబొమ్మాళి దిక్కునే పిల్లలు పోతన్నారని మా గ్రూపుల్లో వచ్చినాది. నేనే నీకు ఫోన్ సేద్దామనుకుంటన్నాను. తులసిని బయటికి పంపకు."

హేమ ఆ సంగతే గ్రూపులో రాసింది. బొబ్బిలిలో ఏమీ జరగలేదు, వాళ్ళు మన ఊరి పేరు చెబుతున్నారు, మనం వాళ్ళ ఊరి పేరు చెబుతున్నాం అని. దానికి ఎవరూ జవాబివ్వలేదు. దాని కిందే అదే వాయిస్ మళ్ళీ ఎవరో పంపారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు.

వినోద్ ఇంటికి రాగానే అడిగింది.

"బావా, అది తీసేయ్. పాపం, మరిడమ్మ పెద్దమ్మ మనకి తెలీదేటి?"

"నేను తీసేస్తే ఏటవుద్ది? అందరి ఫోన్లకీ ఎల్లిపోనాది." అన్నం కలుపుతూనే ఫోన్ చూస్తున్నాడు వినోద్. "అయినా నిజమైతే?"

"నిజమని నువ్వు నమ్ముతన్నావా?"

"నమ్మకపోయినా జాగర్తగా ఉంటే తప్పేటి? గుంటలున్నోళ్ళం."

హేమ తులసిని దగ్గరికి లాక్కుంది.

గుమ్మాలకి వేప మండలు వేలాడాయి. కొన్ని ఇళ్ళకి చీపురు, పాత చెప్పులు కట్టారు. అంతకంటే హేమని భయపెట్టింది ఇంకొకటి. ఇదివరకు సందె వేళ ఊరంతా పిలుపులతో నిండిపోయేది. ఒరే రారా, ఒసే అన్నం తిందువు గాని రా అని ప్రతి వాకిట్లోంచీ ఒక తల్లి కేక వేసేది. ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు. తల్లులు మాట్లాడకుండా వచ్చి, ఆడుకుంటున్న పిల్లల రెక్క పట్టుకుని లాక్కుపోతున్నారు. దీపాలు పెట్టే వేళకి వీధి చెరువు అడుగులా నిశ్శబ్దంగా ఉంటోంది.

ఒకరోజు పక్కింటావిడ గోడ అవతల నుంచి "హేమా" అని పిలిచింది. హేమ పలకలేదు. ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎవరో చూసి, అప్పుడు పలికింది. పలికాక నవ్వుకుంది. కానీ చూసే పలికింది.

*

మరిడమ్మకి గ్రూపులొచ్చే ఫోన్ లేదు. జ్వరమొచ్చి కొన్నాళ్ళు మంచం మీద ఉండటం వల్ల ఆ మధ్య రానూ లేదు. తన ముఖం ఎన్ని ఊళ్ళు తిరుగుతోందో ఆమెకి తెలిసే దారి లేదు.

ఆ రోజు సముద్రంలో వాయుగుండం పట్టింది. మధ్యాహ్నం నుంచే ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. గాలి లేదు. వరి కంకులు కదలడం లేదు. హేమ వరండాలో కూర్చుని ఒక జాకెట్టుకి చేతులు కుడుతోంది. తులసి కాళ్ళ దగ్గర గుడ్డ ముక్కలు పేర్చుకుని ఆడుకుంటోంది. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. సూదిలోకి దారం ఎక్కించే పాటి వెలుతురుంది.

దారం ఎక్కించి తలెత్తేసరికి ఎదురుగా మరిడమ్మ నిలబడి ఉంది.

వచ్చిన చప్పుడే లేదు. నెత్తిన గంప లేదు. చీర మోకాళ్ళ దాకా తడిసి, కుచ్చెళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పెద్దమ్మా! నువ్వెందుకొచ్చినావు?" హేమ లేచి అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. "గంపేదీ?"

మరిడమ్మ గుమ్మం వైపు చూస్తోంది.

"లోపలికి రమ్మంటావేటమ్మా?" అంది చివరికి.

"రా, రా. బేగి రా!"

హేమ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. చెయ్యి చల్లగా ఉంది. గెడ్డ దాటి వచ్చిందేమో అనుకుంది. ముందు తలుపు గడియ పెట్టింది. వెనక తలుపు గడియ కూడా వేసింది. మరిడమ్మ వెళ్ళి గది మూల, బియ్యం డ్రమ్ము పక్కన కూర్చుంది. మంచినీళ్ళిస్తే తీసుకుని పక్కన పెట్టింది. తాగలేదు.

మామూలుగా అయితే తులసి పరిగెత్తుకెళ్ళి ఆమె ఒళ్ళో పడేది. ఇప్పుడు తల్లి చీర పట్టుకుని వెనక నిలబడింది.

"మామ్మే కదే. భయమేటి?" అంది హేమ.

తులసి ముక్కు ముడిచి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

హేమ పోలీసులకి ఫోన్ చేసింది. ఊళ్ళో ఒక ముసలామెని కొట్టేలా ఉన్నారు, తొందరగా రండి అని చెప్పింది. వస్తున్నామన్నారు. వినోద్‌కి చేద్దామని పేరు దాకా వెళ్ళి ఆగిపోయింది. భర్తకి చెబితే ఊరికి చెప్పినట్టే అనిపించింది. పెళ్ళయ్యాక అతని గురించి అలా అనుకోవడం అదే మొదటిసారి.

అంతలో కరెంటు పోయింది.

గదిలో చీకటి ఒక్కసారిగా కాదు, మెల్లగా నిండింది. ముందు మూలలు పోయాయి. తర్వాత మరిడమ్మ ముఖం పోయింది. చీర అంచు నుంచి నీటి బొట్లు గచ్చు మీద పడుతున్న చప్పుడు మాత్రం మిగిలింది. టప్... టప్...

ఫోన్ వణికింది. గ్రూపులో మెసేజ్ వచ్చింది.

'స్టేషను తోవలో కనపడ్డాది.'

మళ్ళీ వణికింది.

'గంప ఉన్నాది నెత్తిన. అదే.'

'మగోళ్ళందరూ రండి. కర్రలు తెచ్చుకోండి.'

ఆ చివరిది రాసింది వినోద్.

హేమకి ముందు ఊపిరి తేలికపడింది. ఎవర్నో చూసి మరిడమ్మ అనుకుంటున్నారు, మరిడమ్మ ఇక్కడే ఉంది కదా అనుకుంది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మరి అక్కడున్నది ఎవరు?

ఫోన్ వెలుగు మూల వైపు తిప్పబోయింది.

"ఎలుగొద్దమ్మా," అంది మరిడమ్మ చీకట్లోంచి. "బయటికి కనపడతాది."

నిజమే అనిపించి ఫోన్ బోర్లించింది.

దూరంగా కేకలు వినపడ్డాయి. రైలు కట్ట వైపు నుంచి. కుక్కలు మొరిగాయి. తర్వాత పెరట్లో ఎండుటాకులు నలిగాయి. ఎవరో పరిగెత్తి వస్తున్నారు. కాళ్ళు ఈడ్చుకుంటూ, రొప్పుతూ...

వెనక తలుపు మీద రెండు చేతులూ పడ్డాయి.

"హేమమ్మా!"

హేమ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"హేమమ్మా, తలుపు తియ్యమ్మా! నన్ను తరుముతన్నారమ్మా... నానేటి సేసినాను?"

ఆ గొంతు మరిడమ్మది. అణువంత తేడా లేదు. హేమ మూల వైపు చూసింది. చీకటి. టప్... టప్...

"అది నా గొంతే," అంది మూలలోంచి మరిడమ్మ. మెల్లగా. చాలా మెల్లగా. "పలక్కు."

"తులసీ! అమ్మని తలుపు తియ్యమను తల్లీ... నీకు దండం పెడతాను, తులసీ!"

పిల్లని పేరు పెట్టి పిలుస్తోంది. అచ్చం వాయిస్‌లో చెప్పినట్టే. తులసి "మామ్మా" అనబోయింది. హేమ చటుక్కున పిల్ల నోరు మూసింది. తను ఆ కబుర్లు నమ్మలేదు. గ్రూపులో అందరితో వాదించింది. అయినా చెయ్యి గడియ మీదికి వెళ్ళడం లేదు.

"సంపేస్తారమ్మా..." గొంతు ఏడుపులోకి దిగింది. తలుపు కింది సందులోంచి గాలి లోపలికి వచ్చింది. ఆ గాలితో పాటు వాసన. ఉప్పు, ఎండ, గోనెపట్టా... ఎండు చేపల వాసన.

గదిలో అప్పటిదాకా ఆ వాసన లేదు.

ఆ సంగతి హేమకి అప్పుడు తెలిసింది. తన వెనక మూలలో ఉన్న మనిషి దగ్గర గెడ్డ అడుగు బురద వాసన తప్ప ఇంకేమీ లేదు.

లేచింది. వెనక తలుపు వైపు ఒక అడుగు వేసింది. చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గర్లో, గుసగుస.

"పిలిస్తే పలకొద్దు."

ఆ గొంతు ఇప్పుడు మరిడమ్మది కాదు. ఎన్నిసార్లో ఫోన్లో విన్నది. వాయిస్‌లో ఉన్నట్టే ఆ గొంతు వెనక నీటి బొట్లు పడుతున్నాయి.

కాళ్ళు నేలలోకి దిగిపోయినట్టు నిలబడిపోయింది హేమ. ఎంతసేపో తెలీదు. తలుపు అవతల నుంచి చేతులు గోకుతున్న చప్పుడు. కర్రల చప్పుడు, అడుగులు, అరుపులు పెరటి గోడ దాకా వచ్చేశాయి. ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది.

"అదిగో! అదిగో!"

గోకుడు ఆగిపోయింది. ఏదో దబ్బున పడింది. కాళ్ళు మడుల్లోకి పరిగెత్తాయి. వాటి వెనక చాలా కాళ్ళు.

గెడ్డ వైపు నుంచి కేకలు వినిపించాయి. కొంతసేపటికి ఆ కేకలు ఆగాయి. కొడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

*

హేమ ఫోన్ లైటు వేసింది. మూలలో ఎవరూ లేరు. బియ్యం డ్రమ్ము పక్కన గచ్చు తడిసి ఉంది. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. రెండు తలుపుల గడియలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

తులసి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"మామ్మ ఏదే?"

"ఎల్లిపోనాది."

"ఎటు ఎల్లినాది?"

తులసి చేత్తో నేల చూపించింది. తర్వాత తనంతట తనే చెప్పింది. "నా సెవిలో అడిగినాదమ్మా. ఊళ్ళో ఇంకెవరెవరు పిల్లలున్నారని."

"నువ్వేటి సెప్పినావు?"

"అందరి పేర్లూ సెప్పినాను."

హేమ పిల్లని ఎత్తుకుని వెనక తలుపు తీసింది. పెరట్లో గంప బోర్లా పడి ఉంది. నెత్తళ్ళు మట్టిలో చెల్లాచెదరుగా పడి, లైటు వెలుగులో వెండి ముక్కల్లా మెరుస్తున్నాయి. వాటి మీద నుంచే తొక్కుకుంటూ గెడ్డ దాకా పరిగెత్తింది.

గట్టు మీద మగవాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. కర్రలు దించేశారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. వినోద్ ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఇంకా వీడియో తీస్తున్నాడు. ఆపాలన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు.

గణపతిరావు బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింద పడి ఉన్న మనిషి ముఖం మీది జుట్టు తీసి చూస్తున్నాడు.

"ఇది మనిషేరా," అన్నాడు. "మన మరిడేరా..."

గణపతిరావు తన అరచెయ్యి లైటు వెలుగులోకి పట్టాడు.

"నెత్తురొస్తన్నాదిరా దీనికి. దెయ్యానికి నెత్తురొస్తాదేటిరా?"

రోడ్డు మీద పోలీసు జీపు లైట్లు మలుపు తిరిగాయి.

మరిడమ్మ కొడుకు రాముడు తెల్లారాక వచ్చాడు. చేపల వేటకి వెళ్ళే మనిషి, రాయిలా నిలబడి తల్లిని చూశాడు. సాయంత్రం రైలుకి తనే ఎక్కించానని చెప్పాడు. వద్దంటే వినలేదని, ఊళ్ళో పిల్లలకి జ్వరాలని తెలిసి నోటికి రుచిగా ఉంటాయని నెత్తళ్ళు తెచ్చిందని చెప్పాడు. ఆ రోజు రైలు ఆలస్యంగా వచ్చింది. ఆమె కోటబొమ్మాళిలో దిగేసరికి చీకటి పడింది.

హేమ వరండాలోకి మరిడమ్మ వచ్చినప్పుడు ఇంకా వెలుతురుంది.

పోలీసులకి హేమ ఉన్నదున్నట్టు చెప్పింది. రాసుకుంటున్నాయన కలం ఆపి ఆమె వైపు చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పింది. అయితే మీ ఇంట్లోకి వచ్చిందెవరమ్మా అని అడిగాడు.

*

వినోద్‌ని, గణపతిరావుని, ఇంకా చాలామందిని తీసుకెళ్ళారు. ఊళ్ళో మగవాళ్ళు లేని ఇళ్ళే ఎక్కువ. వినోద్ తీసిన వీడియో మాత్రం ఆగలేదు. పాలగెడ్డపేటలో దెయ్యాన్ని పట్టుకున్నారని ముందు తిరిగింది. తర్వాత పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దొరికిందని తిరిగింది. ఆ తర్వాత ఎక్కడో వేరే రాష్ట్రం పేరుతో, హేమ చదవలేని అక్షరాలతో తిరిగింది. నిజం చెప్పిన పేపరు కటింగు కూడా ఒకటి గ్రూపులో వచ్చింది. దానికి దండాలు పెట్టినవాళ్ళు లేరు.

ఆ నెల తిరక్కుండానే ఇంకో ఇంట్లో పిల్లకి జ్వరం వచ్చింది. మూలలో కూర్చున్న మనిషికి అన్నిటికంటే ముందు చెప్పానని తులసి అన్న పేరు ఆ పిల్లదే.

హేమ దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి రావడం మానేశారు. ఎందుకో ముందు తెలీలేదు. పక్కింటావిడ గోడ మీద నుంచి చెప్పింది.

"నిన్ను సూసినాం కదే ఆ రోజు. పాపం దాన్ని తలుపు కాడ పెట్టుకుని, అదిగో అదిగో అని అరిసినావు."

"నేను గదిలో ఉన్నానప్పా! తలుపే తియ్యలేదు."

ఆవిడ గోడ దిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి హేమ వీడియో తెరిచి చూసింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు. ఊగుతున్న లైట్లు, పెరటి గోడ, కర్రలు. గుంపులో అందరికంటే ముందు ఒక ఆడమనిషి చెయ్యి చాచి మడుల వైపు చూపిస్తోంది. ముఖం మీదికి లైటు పడింది. అది హేమ ముఖం. హేమ గొంతే.

ఈ కాలంలో ఎవరి ముఖం ఎవరికైనా అతికించొచ్చు. వినోద్ షాపులోనే ఆ సంగతి ఎన్నోసార్లు విన్నది. ఆ మాటే పట్టుకుని బతికింది, జైలుకి వెళ్ళి భర్తని కలిసే దాకా.

వినోద్ చిక్కిపోయాడు. కళ్ళు ఎత్తలేదు.

"బావా, ఆ వీడియో ఎవరు మార్చినారు?"

"ఎవరూ మార్చలేదు."

"మరి నేనెలా ఉన్నాను అందులో?"

వినోద్ అప్పుడు తలెత్తాడు. "నువ్వే కదే తోవ సూపించినావు? దాని ఎనక పరిగెత్తినప్పుడు నా చెయ్యి కూడా పట్టుకున్నావు." ఆగాడు. "సల్లగా ఉన్నాది నీ చెయ్యి. గెడ్డలో దిగినావేమో అనుకున్నాను."

"నేను తలుపు తియ్యలేదు బావా..."

అతను ఆమె ముఖంలోకి చూస్తూ, ఒక్కో అంగుళమే వెనక్కి జరిగాడు.

ఇంటికి వచ్చేసరికి ఫోన్లో కొత్త వాయిస్ ఉంది. తెలియని నంబరు. అదే గుసగుస. 'అమ్మలారా, జాగర్త. జాకెట్లు కుట్టే మనిషిలాగ ఒకతి తిరుగుతన్నాది...' చివరిదాకా వినలేదు.

ఇక తులసిని ఆ ఊళ్ళో ఉంచడానికి ధైర్యం చాల్లేదు. నరసన్నపేట అవతల తల్లి దగ్గర దింపి, మర్నాడే తిరిగొచ్చింది. కోర్టు వాయిదా ఉంది, ఇల్లు సర్దాలి, తర్వాత తనూ వెళ్ళిపోవాలి. బస్సులో ఎవరో ఒకావిడ ఫోన్ చూసి, హేమని చూసి, ఒళ్ళో పిల్లని ఎత్తుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఫోన్ వణికింది. మళ్ళీ ఆ వీడియోనే. తుడిచేద్దామని వేలు పెట్టి ఆగింది. మొదట చూసినప్పుడు అది అర నిమిషం కూడా లేదు. గెడ్డ గట్టు మీద ఆగిపోయేది. ఇప్పుడు ఇంకా పొడుగుంది.

తెరిచింది.

లైట్లు, గోడ, కర్రలు. గట్టు మీద మగవాళ్ళు. వీడియో అక్కడ ఆగలేదు. తన ముఖం ఉన్న ఆడమనిషి గుంపులోంచి బయటికి వచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. మడులు, రైలు కట్ట, తారు రోడ్డు. ఎవరు తీస్తున్నారో ఆమె వెనకే తీస్తున్నారు. నడుస్తుండగానే తెల్లారింది. ఎండ వచ్చింది. ఒక వీధిలోకి తిరిగింది. నీలం రంగు తలుపు ముందు ఆగింది. అది హేమ తల్లి ఇల్లు.

ఆమె చెయ్యెత్తింది. వీడియో అక్కడ ఆగిపోయింది.

ఆగిపోయిన బొమ్మని హేమ వేళ్ళతో పెద్దది చేసింది. గుమ్మం పక్కన చిన్న ఎర్ర చెప్పుల జత ఉంది, పువ్వు బొమ్మవి.

నిన్న సాయంత్రం, నరసన్నపేట బస్టాండు దగ్గర, తులసి ఏడిస్తే కొన్నవి.